కిరాణా కొట్టుకు దారి వేసిన క్లారెన్స్ సాండర్స్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. బూర్గంపాడు మండలం సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాగితం మిల్లులో, స్టోర్సు విభాగంలో పనిచేసినవాణ్ణి కనుక అమెరికా వర్తకుడు క్లారెన్స్ సాండర్స్ గురించి రాస్తున్నాను. ఈనాడు మనం బుట్ట పట్టుకుని సరుకులు మనమే తీసుకుంటున్నామంటే ఆ పద్ధతికి దారి వేసింది ఆయనే.

సాండర్స్ 1881లో వర్జీనియా రాష్ట్రంలో పేద కుటుంబంలో పుట్టారు. పద్నాలుగో ఏట చదువు మాని కొట్టులో గుమాస్తాగా చేరారు. అప్పటి కొట్లు మన పాత కిరాణా కొట్ల వంటివే. చీటీ ఇస్తే గుమాస్తా సరుకు తెచ్చి, తూచి, పొట్లం కట్టి ఇవ్వాలి. గిరాకీ వేళ జనం బారులు తీరేవారు. గిరాకీ లేకపోయినా గుమాస్తాల జీతాలు తప్పేవి కావు.

1916 సెప్టెంబరులో మెంఫిస్ నగరంలో ఆయన 'పిగ్లీ విగ్లీ' కొట్టు తెరిచారు. లోపలికి ఒకే ద్వారం, అలమరలన్నిటినీ చుట్టి వచ్చే ఒకే దారి, చివర డబ్బు కట్టే చోటు. ఈ అమరికకే 1917లో పేటెంటు పొందారు.

మిల్లుకూ కొట్టుకూ తేడా ఇక్కడే ఉంది. మిల్లులో కర్ర ముక్కలై, గుజ్జై, కాగితమై గోదాము చేరుతుంది. మనిషి తన చోట ఉంటే సరుకు నడుస్తుంది. ఆ నడక ఎంత తగ్గితే అంత లాభం. కొట్టులో సరుకు కదలదు, మనిషి నడుస్తాడు. ఎంత నడిస్తే అంత అమ్మకం.

ఆయన కొట్లు వెయ్యి దాటాయి. కాని 1923లో షేర్ల బజారు పోరులో కంపెనీ పోయింది, కట్టుకుంటున్న గులాబీ రాతి మేడ కూడా పోయింది. ఆ మేడ తరువాత మ్యూజియం అయింది. మళ్ళీ కొట్లు పెట్టి నిలదొక్కుకున్నారు. ఆర్థిక మాంద్యంలో అవీ పోయాయి.

1937లో 'కీడూజిల్' అనే యంత్రాల కొట్టు పెట్టారు. గాజు వెనుక ఉన్న నమూనా చూసి తాళంచెవి తిప్పితే సరుకు బెల్టు మీద వచ్చేది. అంటే కొట్టునే కార్ఖానా చేశారు. కార్ఖానాకు రేపటి పని ఈరోజే తెలుస్తుంది. కొట్టుకు వచ్చేవారు తలొక చీటీతో ఒక్కసారే వస్తారు. ఆ రద్దీకి యంత్రాలు మొరాయించేవి. చివరకు అదీ మూతపడింది. అయినా 1953లో డెబ్భై రెండేళ్ళ వయసులో కన్నుమూసేవరకు ఆయన మరో యంత్రపు కొట్టు ప్రయత్నంలోనే ఉన్నారు.

తోటి పెన్షనర్లకు ఒక మనవి. సూపర్ మార్కెట్‌కు వెళ్ళేటప్పుడు చీటీ రాసుకుని వెళ్ళండి. చీటీ ఉన్నవారి నడక మిల్లు నడక, లేనివారి నడక సాండర్స్‌గారు వేసిన నడక. పెన్షను డబ్బులు కరిగేది ఆ రెండవ దారిలోనే.