అరబీ పండితుడు, అజంతా కాపరి: జనాబ్ గులాం యజ్దానీ సాహెబ్



ఈ సంచికకు ఒక పెద్దమనిషి జీవితం గురించి రాయమని కార్యవర్గం వారు మమ్ములను కోరినప్పుడు, మాకు వెంటనే ఒక పేరు మనసులో మెదిలింది. దానికి కారణం ఉన్నది. పోయిన ఏడాది మా వద్ద ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ పూర్తి చేసిన ఒక అమ్మాయి తన అబ్బాను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. పురావస్తు శాస్త్రం, కళా చరిత్రలలో ఎం.ఏ. చేస్తానని ఆమె పట్టుదల. పాత రాళ్లు, పగిలిన పెంకులు చదివితే రొట్టె దొరుకుతుందా అని ఆయన ఫికర్. అందులోనూ అవి మన చరిత్రకు సంబంధించినవి కావు గదా అని ఇంకొక మాట. మేము జవాబు చెప్పలేక తడబడ్డాము. బి.ఎడ్. చేయించండి అని సలహా ఇచ్చి పంపించాము. వాళ్లు పోయినంక, చెప్పవలసిన మాట చెప్పలేదని మాకు చాలా బాధ కలిగింది. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాము.

గులాం యజ్దానీ సాహెబ్ 1885 మార్చి 22న ఢిల్లీలో జన్మించారు. అక్కడి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివారు. ఆయన పట్టు సాధించినవి అరబీ, ఫారసీ భాషలు. చదువు ముగిసిన తరువాత కొన్నేళ్లు కళాశాలలో ఆ భాషలనే బోధించారు. అంటే మా వలెనే ఒక ఉస్తాద్. ఆ కాలంలో పురావస్తు శాస్త్రానికి ఇప్పటివలె ఎం.ఏ. క్లాసులు ఎక్కడ ఉన్నవి? మసీదుల మీద, కోట గుమ్మాల మీద, సమాధుల మీద చెక్కిన అరబీ, ఫారసీ శాసనాలను చదవడం ద్వారానే ఆయన ఈ రంగంలో కాలు పెట్టారు. భారత ప్రభుత్వం ప్రచురించే ముస్లిం శాసనాల సంచికకు 1913-14 నుండి 1939-40 దాకా ఆయనే సంపాదకులు. భాషే ఆయనకు తాళంచెవి అయింది.

1914లో నిజాం సర్కారు హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖను స్థాపించింది. సర్ అక్బర్ హైదరీ వంటి అధికారుల ప్రోత్సాహం దీనికి తోడైంది. ఆ శాఖకు అధిపతిగా యజ్దానీ సాహెబ్ వచ్చారు. 1943లో పదవీ విరమణ చేసే వరకు, దాదాపు 30 ఏండ్లు ఆ బాధ్యత మోశారు. అప్పటి హైదరాబాదు రాజ్యం అంటే నేటి తెలంగాణ మాత్రమే కాదు. ఔరంగాబాదు వైపు మరాఠ్వాడా, బీదరు, రాయచూరు వైపు కన్నడ ప్రాంతం కూడా అందులోనివే. కనుక అజంతా, ఎల్లోరా గుహలు, దౌలతాబాదు కోట, బీదరు మహళ్లు, ఓరుగల్లు వేయి స్తంభాల గుడి, పాలంపేట రామప్ప గుడి, అలంపురం ఆలయాలు అన్నీ ఆయన సంరక్షణ క్రిందికి వచ్చినవి.

అన్నిటికన్న పెద్ద పని అజంతాలో జరిగింది. ఆ గుహల గోడలపై బౌద్ధ భిక్షువుల కాలంనాటి చిత్రాలు గచ్చుతో సహా పెచ్చులు ఊడి రాలిపోతుండెను. పొగ, గబ్బిలాలు, తేమ వాటిని తినేస్తుండెను. అంతకు మునుపు రాబర్ట్ గిల్ అనే ఆయన ఏండ్ల తరబడి కూర్చొని గీసిన నకళ్లలో చాలా భాగం 1866లో లండన్‌లో అగ్నికి ఆహుతైనవి. తరువాత గ్రిఫిత్స్ అనే ఆయన శిష్యులతో గీయించిన నకళ్లలో కూడా అనేకం 1885లో, అంటే యజ్దానీ సాహెబ్ పుట్టిన ఏడాదే, లండన్‌లోనే కాలిపోయినవి. నకలు పోతే మళ్లీ గీయవచ్చు, అసలే పోతే చేసేదేమున్నది? 1920-22 మధ్య ఇటలీ దేశం నుండి చెక్కోని, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను పిలిపించి, ఊడిపోతున్న గచ్చును గోడకు అతికించే పని చేయించారు. వారు పూసిన వార్నిష్ కాలక్రమాన పసుపెక్కి, తరువాతి నిపుణులు దానిని తొలగించవలసి వచ్చిందన్నది కూడా నిజమే. కాని ఆనాడు ఆ గచ్చును నిలబెట్టకపోతే తరువాతి వారికి శుభ్రం చేయడానికి ఏమి మిగిలేది?

ఆ చిత్రాలను రంగుల ఫోటోలు తీయించి, ప్రతి చిత్రం వెనుక ఉన్న జాతక కథను, మనుషుల నగలను, బట్టలను, చేతుల భంగిమలను వివరిస్తూ యజ్దానీ సాహెబ్ నాలుగు భాగాల గ్రంథం రచించారు. మొదటి భాగం 1930లో, చివరిది 1955లో ఆక్స్‌ఫర్డ్ వారి ద్వారా వెలువడింది. ఇరవై ఐదేండ్ల పని! పదవి పోయినా పని విడువలేదు. అరబీ చదివిన ఒక ముస్లిం పండితుడు బుద్ధుని కథలను ఇంత శ్రద్ధగా వివరించడం ఎట్లా సాధ్యమైంది? పరాయిది అనుకుంటే చేయగలిగేవారా?

మన ప్రాంతానికి వస్తే, రామప్ప గుడిపై ఆయన రాసిన గ్రంథం 1922లోనే వచ్చింది. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు అందరమూ సంతోషించాము. దానికి సుమారు వంద ఏండ్ల ముందే దాని విలువను లోకానికి చాటిన వారిలో ఈయన ఒకరు. తెలంగాణ జిల్లాల శాసనాలను పి. శ్రీనివాసాచార్ గారు సేకరించి, పరిష్కరించగా 1940లో ఈ శాఖయే అచ్చు వేసింది. కాకతీయుల చరిత్ర రాసేవారికి అది నేటికీ అక్కర వచ్చే పుస్తకం. 1930లో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం తెరిచినదీ ఆయన హయాంలోనే.

మన పాత మెదక్ జిల్లాలోని కొండాపూర్‌లో, అనగా ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, 1940-42 మధ్య ఈ శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు, బౌద్ధ కట్టడాల పునాదులు బయటపడినవి. ఇక మన సిద్దిపేట సంగతి? 2017లో పుల్లూరు, నర్మెట్టలలో తవ్వి, వేల ఏండ్ల నాటి రాక్షసగుళ్లను తెరిచారు. నర్మెట్టలో సమాధిపై కప్పిన బండను లేపడానికి క్రేన్ తెప్పించవలసి వచ్చింది. యంత్రాలు లేని కాలపు మనుషులు దానిని ఎట్లా ఎత్తినారో ఆలోచించండి. మన ఇంటి పక్కనే ఇంత చరిత్ర ఉండగా, మన పిల్లలకు దానితో సంబంధం లేదనడం న్యాయమా?

బీదరు కోట, మహళ్లపై ఆయన పెద్ద గ్రంథం 1947లో వచ్చింది. దక్కన్ ప్రాచీన చరిత్రను పలువురు పండితులతో రాయించి, సంపాదకత్వం వహించి 1960లో రెండు సంపుటాలుగా ప్రకటించారు. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1962 నవంబరు 13న కన్నుమూశారు. కుమార్తె జుబైదా యజ్దానీ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, హైదరాబాదు చరిత్రపై పుస్తకాలు రాశారు. అంటే తన ఇంటి ఆడపిల్లను కూడా ఆ మహానుభావుడు ఆపలేదు.

ఇక తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, ఉద్యోగం. అబద్ధం చెప్పము. ఈ రంగంలో కొలువులు తక్కువ, పోటీ ఎక్కువ. అయినా దారులు మూసుకొని లేవు. ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాలకు విభాగమే ఉన్నది. కేంద్ర పురావస్తు శాఖ వారు నడిపే గ్రేటర్ నోయిడాలోని సంస్థలో రెండేండ్ల డిప్లొమాకు అరబీ, ఫారసీలలో ఎం.ఏ. చేసినవారిని కూడా అర్హులుగా తీసుకుంటారు. ఆ భాషల శాసనాల కోసం నాగపూరులో ప్రత్యేక శాఖ ఉన్నది. ఫారసీ చదవగలిగేవారు రోజురోజుకు తగ్గుతున్నారు. చదివేవారు లేకపోతే రాతి మీది అక్షరం ఉండి కూడా లేనట్టే. ఉర్దూ లిపి వచ్చిన మన పిల్లలు ఆ దారిలో ఇప్పటికే సగం దూరం నడిచినవారు.

ఆ అమ్మాయి ఇప్పుడు బి.ఎడ్. చదువుతున్నది. అదీ మంచి చదువే, మా అన్నం కూడా దాని మీదనే. కాని ఎం.ఏ.కు వయసు ఇంకా మించిపోలేదు. ఈ సంచిక అచ్చయి రాగానే మొదటి ప్రతిని వాళ్ల ఇంటికి మేమే తీసుకొని పోతాము. ఈసారి తడబడము.