మన ఏలూరు ద్విభాషి కావలి వెంకట బొర్రయ్య

ఆంగ్లభాషాభ్యాసం నేటి విద్యార్థిలోకానికి కొరుకుడుపడని సమస్యగానే ఉన్నది. వ్యాకరణ సూత్రాలను కంఠస్థం చేసినవారు సైతం, నలుగురిలో నాలుగు మాటలు మాట్లాడవలసి వచ్చినప్పుడు తడబడుతుంటారు. పరీక్షలో గట్టెక్కించిన పదాలు బజారులోనూ, కచేరీలోనూ, రైలుపెట్టెలోనూ అక్కరకు రావు. ఇంట తెలుగో ఉర్దూవో మాట్లాడుకుంటూ పెరిగి, కళాశాలలో ఇంగ్లీషును ఎదుర్కొనే మన విద్యార్థులకు ఈ కష్టం అనుభవైకవేద్యం. ఇట్టివారికి ధైర్యం చెప్పగల జీవితం ఒకటి మన ముంగిటనే ఉన్నది. బడులూ నిఘంటువులూ లేని కాలంలో ఇంగ్లీషును స్వాధీనం చేసుకొని, ఆ భాష ద్వారా దక్షిణాపథ చరిత్రకే తలుపులు తెరచిన ఏలూరు వాస్తవ్యుడు కావలి వెంకట బొర్రయ్య జీవితమది.

బొర్రయ్య 1776లో ఏలూరులో ఒక నియోగి కుటుంబంలో జన్మించాడు. 2022లో ఏలూరు వేరొక జిల్లాకు కేంద్రమైనప్పటికీ, పెంటపాడు, తాడేపల్లిగూడెం వాసులకు అది పరాయి ఊరు కాదు. ఆయన పుట్టేనాటికి ఈ సీమ పరిపాలన చేతులు మారి ఎంతోకాలం కాలేదు. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారికి దక్కి, 1759లో బందరు కోట పతనంతో వారికి జారిపోయి, 1765-68 నడుమ మొగలు ఫర్మానా వల్లనూ నిజాముతో కుదిరిన ఒడంబడికల వల్లనూ ఇంగ్లీషు కంపెనీ వశమయ్యాయి. ఏలికలు మారినంతలో కచేరీ భాష మారలేదు. దివాణపు లెక్కలలో పారశీకమే ప్రధానంగా ఉండేది. సైనికులూ వర్తకులూ హిందూస్తానీ మాట్లాడేవారు. గ్రామాలలో తెలుగు, పండితుల ఇళ్ళలో సంస్కృతం వర్ధిల్లేవి. వీటన్నిటి పైన కొత్తగా ఇంగ్లీషు వచ్చి కూర్చున్నది.

ఇట్టి బహుభాషా వాతావరణంలో పెరిగిన బొర్రయ్య చిన్ననాటనే సంస్కృతాంధ్రములను అభ్యసించి, పారశీకమును, హిందూస్తానీని నేర్చి, తరువాత ఇంగ్లీషును పట్టుకున్నాడు. ఆ సాహసం ఎంతటిదో గ్రహించాలంటే నాటి పరిస్థితిని తలచుకోవాలి. మన జిల్లాలలో సర్కారువారి ఇంగ్లీషు బడులు అప్పుడు లేవు. కాంబెల్ దొర తెలుగు నిఘంటువు అచ్చయినది 1821లో. సి. పి. బ్రౌను నిఘంటువు వెలువడినది 1852లో. బొర్రయ్య ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకుంటున్ననాటికి ఆ బ్రౌను ఇంకా పుట్టనేలేదు. చేతిలో పుస్తకం లేని విద్యార్థికి చెవియే పుస్తకం. దొరలు పలికిన మాటను విని, అది ఏ సందర్భంలో పలికారో గుర్తుంచుకొని, తిరిగి అట్టి సందర్భం వచ్చినప్పుడు దానిని ప్రయోగించి సరిచూసుకోవడమే నాటి అధ్యయన పద్ధతి.

1796 ప్రాంతంలో ఆయన జీవితం ఒక మలుపు తిరిగింది. కాలిన్ మెకంజీ అనే సైనిక ఇంజనీరు సింహళద్వీపం నుండి మద్రాసుకు తిరిగివచ్చిన సమయమది. స్కాట్లండు వాయవ్యాన ఒక ద్వీపంలో పుట్టి, 1783లో ఈ దేశానికి వచ్చిన మెకంజీకి ఇక్కడి చరిత్రను శోధించాలనే తపన మెండు. కాని పదమూడేళ్ళు గడిచినా ఈ దేశభాష ఒక్కటీ ఆయనకు పట్టుబడలేదు. శాసనం కంటికి కనబడుతుంది, చదవలేడు. కరణం ఎదుట నిలబడతాడు, అడగలేడు. అట్టి స్థితిలో ఇరవై ఏళ్ళ బొర్రయ్య ఆయన కొలువులో చేరాడు.

1799లో శ్రీరంగపట్టణం కూలి టిప్పు సుల్తాను మరణించిన పిమ్మట, మైసూరు సీమను కొలిచి పటములు గీసే బాధ్యత మెకంజీకి అప్పగించబడింది. ఈ సర్వే బొర్రయ్యకు నిజమైన విశ్వవిద్యాలయమైనది. దండు కంటె ముందుగా ఊళ్ళకు వెళ్ళడం, కరణాలను, పూజారులను, మఠాధిపతులను కలిసి వారి అనుమానాలను పోగొట్టడం, వారి వద్ద దాగిన కవిలెలను, వంశావళులను, తామ్రశాసనాలను చూపుమని ఒప్పించడం ఆయన వంతు. వారు చెప్పిన దానిని దొరకు ఇంగ్లీషులో విప్పిచెప్పడం కూడా ఆయన వంతే. పాత కన్నడ లిపిలోని శాసనాలను చదివే నేర్పును సైతం ఆయన సంపాదించాడు.

ఈ పనిలో నిత్యవ్యవహార పదాల విలువ ఎంతటిదో కొంచెం యోచిస్తే తెలుస్తుంది. ఊరికి వెళ్ళిన సర్వేదారు మొదట అడిగేది నీటి సంగతి. మనకు చెరువు వేరు, కుంట వేరు, మడుగు వేరు, కొల్లేటి వంటి సరస్సు వేరు. ఇంగ్లీషులో లేక్, పాండ్, పూల్ అని ఉన్నవి గాని, కట్ట వేసి వాననీటిని నిలిపే మన చెరువుకు సరిపోయే మాట లేదు. అందుచేత మద్రాసు దొరలు దానిని ట్యాంకు అన్నారు. ఆ మాట ఇంగ్లండులో వేరొక వస్తువును స్ఫురింపజేస్తుంది. కనుక ద్విభాషి తెలుసుకోవలసినది నిఘంటువులోని అర్థం ఒక్కటే కాదు, ఎదుటివాని మనస్సులో ఆ మాట ఏ బొమ్మను గీస్తుందో కూడా ఎరిగి ఉండాలి.

చుట్టరికాలు చెప్పేటప్పుడు ఈ చిక్కు మరింత బిగుస్తుంది. పెదనాన్న, పినతండ్రి, మేనమామ, మేనత్త భర్త, అందరినీ ఇంగ్లీషువారు అంకుల్ అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఒక పాలెగాని వంశావళిని ఆ భాషలోకి దించేవాడు ఇంతటితో తృప్తిపడితే రాజ్యం ఎవరి నుండి ఎవరికి పోయినదో తారుమారవుతుంది.

పలుకుబడుల సంగతి చెప్పనే అక్కరలేదు. దాతను గురించి చేతికి ఎముక లేనివాడని మనం అంటాం. దానిని మాటకు మాట మార్చితే వినేవాడు వానిని వికలాంగుడనుకొని జాలిపడతాడు. ఒకని కాలు లాగడమంటే ఇంగ్లీషువారికి వేళాకోళమాడడం. మనకు కాలు పట్టి లాగడమంటే పైకి వచ్చేవానిని కిందికి దిగలాగడం. అవే మాటలు, అదే అవయవం, భావం మాత్రం పగలూ రాత్రీ. మాటలను విడివిడిగా వల్లించినవానికి ఈ తేడా దొరకదు. పలుకుబడి పుట్టిన చోటును చూచినవానికే దొరుకుతుంది.

బొర్రయ్యకు పారశీక హిందూస్తానీ పరిజ్ఞానం ఇక్కడ పెన్నిధి వలె ఉపకరించింది. నాటి తెలుగు కరణం లెక్కలో జమాబందీ, ఇనాము, కరారు, రసీదు, దస్తావేజు వంటి పదాలు నిండి ఉండేవి. ఇవి అరబీ పారశీకాల నుండి వచ్చి తెలుగువారి ఇంటిమాటలైనవి. స్థానిక చరిత్రలకు స్థిరపడిన కైఫియత్తు అనే పేరే ఆ వైపు నుండి వచ్చినది. ఈ పదాల మూలం ఎరిగినవాడు వాటిని మూడవ భాషలోకి తడబాటు లేకుండా దాటించగలడు. తెలుగూ ఉర్దూ పక్కపక్కనే చదువుకునే మన కళాశాల విద్యార్థులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఇంటిభాష పరభాషకు అడ్డుగోడ కాదు, ఎక్కే మెట్టు.

ఆయన ఇంగ్లీషు పాటవానికి లిఖిత నిదర్శనం ఒకటి నిలిచి ఉన్నది. జైన మతాన్ని గురించి ఒక జైన ఆచార్యుడు చెప్పిన వివరాలను బొర్రయ్య మెకంజీ కొరకు ఇంగ్లీషులోకి అనువదించాడు. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారు తమ పరిశోధనల తొమ్మిదవ సంపుటంలో, 1807లో, దానిని అనువాదకుని పేరుతోనే ప్రచురించారు. జైనమత విషయమై ఐరోపా విద్వాంసులకు అందిన తొలి వ్రాతలలో అది ఒకటి. అయితే ఆ అచ్చు ప్రతిని చూచే భాగ్యం ఆయనకు లేకపోయింది.

సరిగా ఆ దశాబ్దాలలోనే ఇంకొక విదేశీయుడు ఇట్టి తపస్సే చేశాడు. గెరాసిం లెబెదేవ్ అనే రష్యను సంగీత విద్వాంసుడు 1785లో మద్రాసుకు వచ్చి, 1787లో కలకత్తా చేరి, గోలోక్‌నాథ్ దాస్ అనే ఉపాధ్యాయుని వద్ద వంగభాష నేర్చుకున్నాడు. 1795లో ఒక ఇంగ్లీషు నాటకాన్ని వంగభాషలోకి మార్చి ప్రదర్శింపజేశాడు. 1801లో లండనులో హిందూస్తానీ వ్యాకరణాన్ని అచ్చు వేయించాడు. ఆ గ్రంథాన్ని ఆయన వ్రాసినది తన మాతృభాషలో కాదు, ఇంగ్లీషులో. రష్యను కాని, ఏలూరు తెలుగువాడు కాని, పరాయి భాష లోతును పనిలో దిగి తెలుసుకున్నారే గాని ఒడ్డున కూర్చుండి కాదు.

దురదృష్టవశాత్తు బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్ళయినా నిండక ముందే, అకాలమరణం చెందాడు. ఆయన మెకంజీ వద్ద పనిచేసినది సుమారు ఏడేళ్ళు మాత్రమే. కాని ఆ ఏడేళ్ళ ఫలితం తరతరాలకు మిగిలింది. పదునాలుగేళ్ళ తరువాత, 1817లో, తన మిత్రుడైన అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో మెకంజీ తన కృషి చరిత్రను చెప్పుకుంటూ, భారతీయ విజ్ఞాన మందిర ద్వారంలోకి తనను మొదట నడిపించినవాడు బొర్రయ్యయేనని, దేశభాషలు తెలియని తాను కోరినది సాధించగలిగినది ఆ యువకుని ప్రతిభ వల్లనేనని కృతజ్ఞతతో అంగీకరించాడు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయిన పెద్ద ఉద్యోగి, గతించిన తన ద్విభాషిని అట్లు స్మరించడం సామాన్య విషయం కాదు.

అన్న వేసిన బాటలో తమ్ములు నడిచారు. లక్ష్మయ్య మెకంజీ సిబ్బందికి నాయకత్వం వహించి సేకరణను కొనసాగించాడు. రామస్వామి ఇంగ్లీషులో గ్రంథకర్తయే అయినాడు. దక్కను కవుల చరిత్రను 1829లో కలకత్తాలో ప్రకటించి, అందులో అన్నగారి జీవితాన్ని కూడా చేర్చాడు. 1836లో మన వంటకాల పుస్తకాన్ని ఇంగ్లీషులో వెలువరించాడు. పోపునూ పులుసునూ పరభాషలో చెప్పడం కావ్యాన్ని అనువదించడం కంటె తేలిక కాదని వంటయిల్లు తెలిసినవారు ఒప్పుకుంటారు.

అయితే ఈ చరిత్రలో చేదు కూడా ఉన్నది. 1821లో మెకంజీ మరణించిన తరువాత, మిగిలిన పనిని తాను పూర్తిచేస్తానని లక్ష్మయ్య కోరాడు. 1836లో ఆసియాటిక్ సొసైటీవారు ఆయనకే కాదు, అసలు ఏ దేశీయునికీ అంతటి సామర్థ్యం ఉండదని భావించి ఆ విన్నపాన్ని తోసిపుచ్చారు. ఆ పని విలియం టెయిలర్ అనే మతబోధకుని చేతికి పోయింది. ఏ కుటుంబం నోటితో మెకంజీ ఈ దేశంతో మాట్లాడాడో, ఆ కుటుంబానికే అర్హత లేదనడం పరపాలన నైజం. భాష వచ్చినంత మాత్రాన గౌరవం దానంతట అదే రాదని ఈ ఉదంతం చాటుతున్నది. కాని భాష రానినాడు ఆ అన్యాయాన్ని ప్రశ్నించే సాధనం కూడా ఉండదు కదా! లక్ష్మయ్య అంతటితో కుంగిపోలేదు. 1830ల నాటి మద్రాసులో దేశీయుల సాహిత్య సంఘ నిర్మాణానికి పూనుకొని విద్యాసేవ సాగించాడు.

1828లో విల్సను ప్రకటించిన పట్టికను బట్టి మెకంజీ సేకరణలో 8,076 శాసన ప్రతులు, 6,218 నాణెములు, 2,159 అనువాదాలు ఉన్నవి. వీటిలో కొంత భాగం నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ, కొంత లండనులోనూ ఉన్నది. తెలుగు గ్రామాల కైఫియత్తులను తిరగవేసే ప్రతి పరిశోధకుడూ, ఎరిగినా ఎరుగకున్నా, బొర్రయ్య వేసిన పునాది మీద నిలబడి ఉన్నాడు.

విద్యార్థులు ఈ మహనీయుని జీవితం నుండి గ్రహించవలసినది సుస్పష్టం. పదాలను జాబితాలుగా కాక సందర్భాలుగా నేర్చుకోవాలి. నీవు ఏ పనిలో ఉన్నావో ఆ పనికి సంబంధించిన మాటలతో ప్రారంభించాలి. వినాలి, అడగాలి, పలకాలి, పొరపాటును సరిదిద్దుకోవాలి. తన భాషలోని మాటకు ఎదుటి భాషలో సరిజోడు లేనప్పుడు సిగ్గుపడక, విప్పి చెప్పే నేర్పును అలవరచుకోవాలి. ఇన్ని సదుపాయాలున్న నేటి కాలంలో మనకు కొరవడినది పుస్తకం కాదు, పూనిక. అది ఉన్ననాడు ఏలూరు సీమలో మరెందరో బొర్రయ్యలు తలెత్తగలరు.