సర్ జాన్ గాడమ్ - ఒక రసాయనం, రెండు తాళాలు

ఔషధశాస్త్రం చదివినవారికి సర్ జాన్ హెన్రీ గాడమ్ పేరు సుపరిచితమే. మన బి.యస్సీ. పుస్తకాల్లో మాత్రం ఆ పేరు నాకెక్కడా కనబడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1900లో ఇంగ్లండులో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, లండన్‌లో వైద్యం నేర్చారు. రోగుల నాడి పట్టుకోవడం కంటే లెక్కలు కట్టడమంటేనే ఆయనకు మక్కువ. 1931లో వాన్ ఆయిలర్‌తో కలిసి 'సబ్‌స్టెన్స్ పి' అనే పదార్థాన్ని కనుగొన్నారు. తర్వాత కొంతకాలం కైరోలో, మళ్ళీ లండన్‌లో ఆచార్యులుగా పనిచేసి, 1942లో ఎడింబరో చేరారు.

అసలు కథ అక్కడే. మన శరీరంలో సెరటోనిన్ అనే రసాయనం ఉంది. ఎక్కువ భాగం ప్రేగుల్లోనూ, కొద్దిగా మెదడులోనూ ఉంటుంది. అది తాళంచెవి అనుకుంటే, కణాల మీది గ్రాహకాలు తాళంకప్పలు. ఎల్.ఎస్.డి. సెరటోనిన్ పనిని అడ్డుకుంటుందని గాడమ్ 1953లో చూపించారు. మనిషి మనసును తారుమారు చేసే మందు దీన్ని అడ్డుకుంటోందంటే, మనసుకూ సెరటోనిన్‌కూ ఏదో లంకె ఉండాలి గదా! అది తేల్చుకోవడానికి ఆ మందు తానే పుచ్చుకుని చూశారాయన. ధైర్యమనాలో, తెగింపనాలో నాకు తెలియదు.

1957లో పికరెల్లితో కలిసి చేసిన ప్రయోగం ఇంకా గొప్పది. గినీపంది ప్రేగు ముక్కకు సెరటోనిన్ తగిలితే అది ముడుచుకుంటుంది. డైబెంజిలిన్ అనే మందు ఎంత పోసినా ఆ ముడుచుకోవడం కొంతవరకే ఆగింది. మార్ఫిన్ పోసినా అంతే, కొంతే ఆగింది. రెండూ కలిపితే పూర్తిగా ఆగిపోయింది! అంటే తాళంకప్పలు రెండు రకాలు: కండరంలో ఒకటి, నరంలో ఒకటి. వాటికి మందుల పేర్ల మొదటి అక్షరాలతో 'డి', 'ఎం' అని పేర్లు పెట్టారు. మార్ఫిన్ ఆ తాళాన్ని నేరుగా మూయదని, నరం పనిని ఆపుతుందని తర్వాత తేలింది. అయినా విభజన మాత్రం నిలిచింది.

వరిచేలో కలుపుమందు కొడితే కలుపే చావాలి, వరి చావకూడదు. మందయినా అంతే. తాళాలు వేరని తెలిశాకే, ఒక్కదాన్నే మూసే మందు కోసం వెతకడం సాధ్యమైంది.

గాడమ్‌కు 1964లో సర్ బిరుదు వచ్చింది. మరుసటి ఏడే కన్నుమూశారు. ఆయన 'ఎం' గ్రాహకానికి 1986లో 5-హెచ్.టి.3 అని కొత్త పేరు పెట్టారు. క్యాన్సర్ మందులు ప్రేగు కణాలను దెబ్బతీస్తే సెరటోనిన్ బయటపడి, నరం మీది ఈ గ్రాహకాన్ని తాకి వాంతులు తెప్పిస్తుంది. ఒక్క ఈ తాళాన్నే మూసే ఒండాన్‌సెట్రాన్‌కు 1991లో అమెరికాలో అనుమతి లభించింది. మా పెద్దమ్మకు క్యాన్సర్ మందు ఎక్కించే ముందు నర్సమ్మ ఇచ్చేది ఈ మందే. సాయంత్రానికి ఆమె పెరుగన్నం నాలుగు ముద్దలు తినగలిగేది.