స్వామీజీ - మృగధర్మము

1863లో కలకత్తాలో జన్మించిన వివేకానందస్వామికి బాల్యమునుండియు మూగజీవులన్న ప్రీతి మెండు. 1898లో భారతదేశమునకు వచ్చిన సోదరి నివేదితతోను, యోగానందస్వామితోను కలిసి ఆయన ఒకనాడు ఏక్‌బాల్‌పూరునకు చేరువనున్న అలీపూరు జంతుశాలకు వెళ్లిరి. అధ్యక్షుడు రామబ్రహ్మ సన్యాల్ స్వామీజీ యెదుటనే పులులకు, సింహములకు మాంసము వేయించెను. అవి తినుచుండగా స్వామీజీ సంతోషముతో చూచిరి. సన్న్యాసికిది తగునా యని శంకించువారుందురు. పులికి వేరొక ధర్మము లేదు గదా!

తరువాత బలరామబోసు గృహమున స్వామీజీ ఆ విషయమునే విచారించిరి. జీవనపోరాటము మృగములకు నియమమనియు, బుద్ధి వికసించిన నరుడు త్యాగముచేతనే యెదుగుననియు వారి భావము. తమ మాంసాహారమును వారెన్నడును దాచలేదు. ప్రాణిహింస పాపమనియే యొప్పుకొనిరి. అయినను లోకమున శ్రమించువారికి నిషేధము విధింపలేదు. సత్త్వగుణము పరిపక్వమైనచో ఆ రుచి తనంత తానే తొలగునని వారి నమ్మకము.

నేడు పెంపుడు కుక్కలకు శాకాహారమే పెట్టువారున్నారు. కుక్క పిల్లివలె కేవలము మాంసముపై ఆధారపడదు; మానవుని చెంత తరతరములుగా బ్రదికి ధాన్యమును జీర్ణించుకొన నేర్చినది. కనుక ఈ ధర్మవిచారము కుక్కది కాదు, పెంచువానిది.

బేలూరు మఠమున స్వామీజీకి బాఘా యను కుక్క యుండెను. అది యేదో తప్పు చేయగా గంగ దాటించి విడిచిరి. సాయంకాలమునకు అది పడవనెక్కి తిరిగివచ్చినది. తెల్లవారుజామున స్వామీజీ పాదములచెంత మూల్గినది. దానినిక వెడలగొట్టరాదని వారు మఠవాసుల నాజ్ఞాపించిరి.