పద్దులు పల్లెకు తెచ్చిన కుమారప్ప

ఆర్థికశాస్త్రం ఢిల్లీ పెద్దల సంగతి, మనకెందుకులే అనే మాట కూలీపేటల్లో మేము తరచూ వింటుంటాం. అది మన పొయ్యి మీది కుండకు సంబంధించిన సంగతేనని బతుకంతా చాటినవారు జె.సి. కుమారప్ప.

1892లో తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. లండన్‌లో ఆడిటింగ్ నేర్చి, బొంబాయిలో కంపెనీల పద్దులు చూశారు. తర్వాత అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లి, ప్రొఫెసర్ సెలిగ్‌మన్ దగ్గర ప్రభుత్వ ఆదాయ వ్యయాల గురించి చదివారు. తెల్లదొరల పన్నులకూ మన దరిద్రానికీ ఉన్న లంకె అక్కడే ఆయనకు బోధపడింది.

1929లో గాంధీజీని కలిశారు. గాంధీజీ ఆయన్ని గుజరాత్‌లోని ఖేడా జిల్లా మాతర్ తాలూకాకు పంపారు. విద్యాపీఠం విద్యార్థుల్ని వెంటేసుకుని పల్లెపల్లెకూ తిరిగారు. పంటెంత, శిస్తెంత, అప్పెంత, తిండికి మిగిలేదెంత? అన్నీ అడిగి రాశారు. అంత చదివిన నిపుణుడు రైతు ముందు కూర్చుని నేర్చుకున్నాడన్నమాట!

1934లో వార్ధాలో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు కార్యదర్శి ఆయనే. బియ్యం మిల్లు వస్తే తవుడు పోయి తిండిలో సత్తువ తగ్గుతుంది, దంపుడు కూలీ పోయి ఆడవాళ్ల చేతిలో డబ్బు తగ్గుతుంది. ఇలాంటి లెక్కలు జనానికి విప్పి చెప్పారు. జైల్లో కూడా పుస్తకాలు రాశారు.

1948లో కాంగ్రెస్ వేసిన భూసంస్కరణల కమిటీకి అధ్యక్షులయ్యారు. 1949లో నివేదిక వచ్చింది. దున్నేవాడికీ సర్కారుకూ మధ్య దళారులుండకూడదు. భూమికి పరిమితి ఉండాలి. ఆరేళ్లు వరసగా సాగుచేసిన కౌలుదారుకు హక్కు రావాలి. స్వంత సాగు అనాలంటే ఒంటితో కొంతైనా పొలం పని చేసి తీరాలి. గట్టు మీద గొడుగేసుకుని నిలబడితే చాలదు.

ఈ చివరి మాటే భూస్వాములకు మింగుడు పడలేదు. తర్వాత రాష్ట్రాల్లో వచ్చిన చట్టాలు స్వంత సాగు అర్థాన్ని వదులు చేశాయి. ఆ సందులోంచే ఎందరో కౌలుదార్లను పొలాల్లోంచి వెళ్లగొట్టారు. ఆంధ్రాలో 2019లో తెచ్చిన పంట సాగుదారుల చట్టం కూడా కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టకపోతే బ్యాంకు అప్పు ఎక్కడిది, పంట నష్టపరిహారం ఎక్కడిది?

కుమారప్ప 1960 జనవరి 30న, గాంధీజీ పోయిన తేదీనే, కన్నుమూశారు. ఆయన గాంధేయుడు, వర్గపోరాటం ఆయన దారి కాదు. అయినా ఆయన ప్రశ్న మనదే. మీ ఊళ్లో పట్టా ఎవరి పేరనుంది, మడిలో దిగేదెవరు? ఊరి కూలీలు, కౌలుదార్లు కూర్చుని ఆ లెక్క రాయండి. అదే మన ఆర్థికశాస్త్రంలో మొదటి పాఠం.