జాన్ స్నో

జాన్ స్నో (మార్చి 15, 1813 - జూన్ 16, 1858) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ వైద్యుడు. మురుగు కలిసిన త్రాగునీటి ద్వారా కలరా వ్యాపిస్తుందని నిరూపించి, సాంక్రమిక వ్యాధుల అధ్యయనానికి ఆద్యులలో ఒకడిగా ప్రసిద్ధి చెందాడు.

జీవిత విశేషాలు

ఇతడు యార్క్ నగరంలో ఒక కార్మిక కుటుంబంలో జన్మించాడు. 14వ ఏట ఒక వైద్యుని వద్ద శిష్యునిగా చేరాడు. తరువాత లండనులో స్థిరపడి మత్తుమందు నిపుణుడిగా పేరొందాడు. 1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయంలో క్లోరోఫారం ఇచ్చినది ఇతడే.

కలరా పరిశోధన

చెడుగాలి వలన కలరా వస్తుందని ఆనాటి వైద్యులలో అధికులు నమ్మేవారు. వ్యాధి పేగులలో మొదలవుతుంది కనుక దాని విషం నోటి ద్వారానే ప్రవేశిస్తుందని స్నో 1849లో వాదించాడు. 1854లో సోహో ప్రాంతంలో కలరా ప్రబలినపుడు మృతుల ఇండ్లకు వెళ్ళి విచారించగా, ఎక్కువమంది బ్రాడ్ వీధి పంపు నీరు త్రాగినవారేనని తేలింది. సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తొలగించారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టినందున అదొక్కటే రుజువుగా చాలలేదు. ఆ బావిలోకి ప్రక్క ఇంటి మరుగుగుంట నుండి మురుగు ఊరుతున్నట్లు 1855లో బయటపడింది.

థేమ్స్ నదిలో మురుగు కలిసేచోట నీరు తోడిన సంస్థ పరిధిలో 10,000 ఇండ్లకు 315 మరణాలు సంభవించగా, ఎగువన తోడిన సంస్థ పరిధిలో 37 మాత్రమే సంభవించాయి.

ప్రభావం

స్నో 45వ ఏట మరణించేనాటికి ప్రభుత్వ ఆరోగ్య మండలి అతని సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని వేరుచేశాడు. మురుగులో రోగం జాడ వెదికే పద్ధతి తరువాతి కాలంలో పోలియోకు, 2020లో హైదరాబాదు సహా అనేక నగరాలలో కరోనా వైరస్‌కు వర్తించింది.