కేప్‌టౌన్ ముస్లింల మాటను అరబ్బీ లిపిలో రాసిన అబూబక్ర్ ఎఫెంది

1862 చివర్లో ఇస్తాంబుల్ నుంచి ఇద్దరు మనుషులు దక్షిణాఫ్రికాకు బయల్దేరారు. ఒకరు కుర్దు ఆలిం అబూబక్ర్ ఎఫెంది. రెండోవారు ఆయన బంధువు, శిష్యుడు ఒమర్ లుత్ఫీ. పారిస్, లండన్ మీదుగా వెళ్లి, లివర్‌పూల్‌లో ఓడెక్కి, 1863 జనవరిలో కేప్‌టౌన్‌లో దిగారు. ఆ దారి కష్టాలన్నీ లుత్ఫీ తర్వాత ఒక యాత్రాగ్రంథంగా రాశాడు.

అసలు అంత దూరం ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? కేప్‌టౌన్ ముస్లింలలో ఎక్కువమంది డచ్ కంపెనీ బానిసలుగా, ఖైదీలుగా తెచ్చినవాళ్ల సంతానం. ఇండోనేషియా దీవుల నుంచి, బెంగాల్ నుంచి, మన కోరమాండల్ తీరం నుంచి కూడా పట్టుకుపోయారు. 1834లో బానిసత్వం రద్దయింది. మసీదులు లేచాయి, కానీ ఇమాముల మధ్య తగాదాలూ పెరిగాయి. ఎవరి మాట వినాలో తెలియక కోర్టులకెక్కారు. చివరకు, పెద్ద చదువు చదివిన ఒక ఆలింను పంపమని బ్రిటిష్ ప్రభుత్వం ద్వారా ఉస్మానియా సుల్తాన్‌ను అడిగారు. కేప్ పార్లమెంటు సభ్యుడు డి రూబే ఇందులో మధ్యవర్తి. నాటి సుల్తాన్ అబ్దుల్ అజీజ్. ఆయన దర్బారు ఎఫెందిని ఎంపిక చేసింది.

ఎఫెందికి అరబ్బీ వచ్చు, తుర్కీ వచ్చు. కేప్‌టౌన్‌లో రెండూ పనికిరాలేదు. అక్కడి ముస్లింలు ఒకప్పుడు మలయ్ మాట్లాడేవారు. ఆయన వెళ్లేసరికి వీధిలో, ఇంట్లో, మదర్సాలో అంతా ఒక రకం డచ్. యజమానుల డచ్‌ను బానిసలు, పనివాళ్లు తమ నోటికి తగ్గట్టు మార్చుకున్న భాష అది. దొరలు దాన్ని వంటింటి భాష అని ఎగతాళి చేసేవారు. తర్వాత అదే ఆఫ్రికాన్స్ అయింది. దీన్ గురించి చెప్పాలంటే ఆ వంటింటి భాషలోనే చెప్పాలని ఎఫెందికి త్వరగానే అర్థమైంది. అంత చదువుకున్న మనిషి మళ్లీ కొత్తగా అక్షరం దిద్దినట్టు ఆ మాట నేర్చుకున్నారు. మదర్సా పెట్టారు. అక్కడే పెళ్లి చేసుకున్నారు. మొదటి కాపురం నిలవలేదు. రెండో భార్య తహోరా అమ్మాయిలకు చదువు చెప్పేవారు. కేప్ ముస్లిం మగవాళ్లు తలకు ఎర్ర టోపీ పెట్టడం ఆయనతోనే మొదలైందని చెబుతారు. హైదరాబాద్‌లో మనం రూమీ టోపీ అనేది దాన్నే.

ఆయన రాసిన ‘బయానుద్దీన్’ పుస్తకమే ఆయన్ని ఇవాళ్టి దాకా నిలబెట్టింది. వుజూ, నమాజ్, జకాత్, రోజా, జబహ్, హలాల్ హరాం, ఇలాంటి రోజువారీ విషయాలే అందులో ఉన్నాయి. భాష ఆఫ్రికాన్స్, లిపి అరబ్బీ. ఉర్దూ చదివే వాళ్లకు ఇందులో ఇబ్బంది ఏంటో వెంటనే తెలుస్తుంది. అరబ్బీలో ‘ప’ లేదు, ‘గ’ లేదు. ఫార్సీ, ఉర్దూ వాళ్లు చుక్కలు, గీతలు చేర్చి ‘పే’, ‘గాఫ్’ తయారు చేసుకున్నట్టే ఇక్కడా చేసుకోవాలి. అంతకంటే పెద్ద చిక్కు అచ్చులతో. జబర్, జేర్, పేష్ మూడే ఉంటే, ఆఫ్రికాన్స్‌లో అచ్చులు అంతకు చాలా రెట్లు. ఎఫెంది ఆ గుర్తులనే రకరకాలుగా కలిపి, ఒక్కో శబ్దానికి ఒక్కో దారి వెతికారు. అప్పట్లో రోమన్ లిపిలో రాసేవాళ్లు డచ్ స్పెల్లింగ్ అలవాటుకు లోబడి రాసేవారు. ఈయన చెవికి విన్నది విన్నట్టు రాశారు. అందుకే 19వ శతాబ్దంలో ఆ వీధుల్లో మాట ఎలా పలికేదో తెలుసుకోవాలంటే భాషా పండితులు ఈ ఫిఖ్హ్ పుస్తకం తెరుస్తారు. 1869 ప్రాంతంలో రాసిన ఈ పుస్తకం 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. ఆఫ్రికాన్స్‌ను రాతభాష చేయాలని తెల్లవాళ్లు పార్ల్ ఊళ్లో సంఘం పెట్టుకున్నది 1875లో. దానికి ముందే ఎఫెంది తన పుస్తకం రాసేశారు.

భాష నేర్చుకున్నారు కానీ మనుషులతో సర్దుకోవడం అంత సులువు కాలేదు. కేప్ ముస్లింలు షాఫయీలు, ఎఫెంది చెప్పింది హనఫీ పద్ధతి. సముద్రంలో దొరికే క్రీఫ్ అనే పెద్ద రొయ్యలాంటి జీవి అక్కడ పేదల కూర, చాలామందికి జీవనాధారం. ఎఫెంది అది హరాం అన్నారు. షాఫయీ మతంలో అది హలాల్. ఇక గొడవ మొదలైంది. ఈయన్ని వెనక్కి పంపేయండని 1869లో ప్రభుత్వానికి అర్జీ కూడా పెట్టారు. రొయ్య మీద మన దగ్గర జరిగే చర్చలు విన్నవాళ్లకు ఆ వేడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ తప్పు కొంత ఎఫెందిదే. జనం నోటి మాటకు అంత విలువిచ్చిన మనిషి, వాళ్ల మజ్హబ్‌కు ఆ మాత్రం చోటివ్వలేకపోయారు. ఇంత వ్యతిరేకత వచ్చినా ఆయన కేప్‌టౌన్‌ను వదిలేయలేదు. తర్వాత భారత్ నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లింలలో హనఫీలు ఎక్కువ కాబట్టి ఆ పద్ధతి అక్కడ మిగిలింది.

1880లో ఎఫెంది కేప్‌టౌన్‌లోనే కన్నుమూశారు. కొడుకు అహ్మద్ అతావుల్లా 1894లో కేప్ పార్లమెంటుకు పోటీ చేశారు. కేప్‌టౌన్‌లో ఓటరు తన ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి వేసే వీలు అంతకు ముందు ఉండేది. ఆయన గెలుస్తాడేమోనన్న భయంతో ఆ పద్ధతినే తీసేశారు. ఆయన ఓడిపోయారు. తండ్రి సమాధి బో-కాప్ కొండవాలున తానా బారు ఖబరస్తాన్‌లో ఉంది. 1886లో ప్రభుత్వం ఆ ఖబరస్తాన్‌ను మూసేస్తే, వేలమంది ముస్లింలు జనాజాతో అక్కడికే నడిచి వెళ్లి ఖననం చేశారు.